ఎగ్జాస్ట్ బ్యాక్‌ఫైర్ – ఇంధన సర్దుబాటు: మార్పులు చేసిన టర్బో కారులో లోపనిర్ధారణ క్రమం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వేగం కోసం మార్పులు చేసిన కార్లలో ఎగ్జాస్ట్ గొట్టం నుండి వెలువడే పేలుడు శబ్దాన్ని సాధారణంగా ఇంధన సమస్యగా భావించి, వెంటనే కంప్యూటర్‌లోని ఇంధన పట్టికలను సవరించడం పరిపాటిగా మారింది. ఆక్సిజన్ సెన్సర్ కొలిచేది ఇంధనాన్ని కాదు, మిగిలిపోయిన ఆక్సిజన్‌ను మాత్రమే. ఈ వ్యత్యాసాన్ని విస్మరించినప్పుడు గాలి లీకులు, స్పార్క్ లోపాలు ఇంధన లోపాలుగా కనిపించి తప్పుడు సవరణకు దారితీస్తాయి. సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ కారును ఉదాహరణగా తీసుకొని, శబ్దం నుండి కారణం వరకు సాగవలసిన పరీక్షాక్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్యాక్‌ఫైర్, దహనం, గాలి–ఇంధన నిష్పత్తి, ఆక్సిజన్ సెన్సర్, ఫ్యూయెల్ ట్రిమ్, టర్బో, ట్యూనింగ్.

1. ఉపోద్ఘాతం:

పెట్రోలు ఇంజన్‌లో దహనం సిలిండర్ లోపలే మొదలై అక్కడే పూర్తి కావాలి. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి బయటకు పోవలసినవి దహనానంతర వాయువులే. ఏదో ఒక కారణంగా మండని ఇంధనం కూడా వాటితో పాటు గొట్టంలోకి చేరి, అక్కడ దానికి ఆక్సిజన్, తగినంత వేడి లభించినప్పుడు సిలిండర్‌లో జరగవలసిన దహనం గొట్టంలో జరుగుతుంది. బయటికి వినిపించే పేలుడు అదే. కాబట్టి ఈ శబ్దానికి మూడు అంశాలు ఏకకాలంలో కావాలి: మండని ఇంధనం, ఆక్సిజన్, నిప్పు. ఈ మూడింటిలో ఏది ఉండకూడని చోట ఉన్నదో తేల్చడమే లోపనిర్ధారణ.

మార్పులు చేయని కారులో ఈ పరిశీలన కొంత సులభం. కర్మాగారం నుండి వచ్చిన స్థితి ఒకటి ప్రమాణంగా ఉంటుంది. ఎగ్జాస్ట్, గాలి గొట్టం, ఇంజెక్టర్లు, టర్బో ఒత్తిడి వంటివి ఒకదాని వెంట ఒకటి మారిన కారులో ఆ ప్రమాణమే చెదిరిపోతుంది. ఏ మార్పు తరువాత శబ్దం మొదలైందో యజమాని చెప్పలేని సందర్భాలే ఎక్కువ.

2. ఒకే పేరు – రెండు సంఘటనలు:

‘బ్యాక్‌ఫైర్’ అనే మాట వాడుకలో రెండు వేర్వేరు సంఘటనలకు వర్తిస్తున్నది. దహనజ్వాల ఇన్‌టేక్ వాల్వ్ మీదుగా వెనుకకు, గాలి లోపలికి వచ్చే మార్గంలోకి ఎగదన్నడం ఒకటి. నిజానికి ‘వెనుకకు’ అనే అర్థం సరిపోయేది దీనికే. ఎగ్జాస్ట్ గొట్టంలో ఆలస్యంగా జరిగే దహనం రెండవది. ఇంగ్లీషు సాంకేతిక గ్రంథాలలో దీనిని ‘ఆఫ్టర్‌ఫైర్’గా వేరు చేయడం ఉన్నా, మోటారు షెడ్డులో రెండింటికీ ఒకే మాట. మొదటిది ఎక్కువగా ఇంధనం మరీ తక్కువైనప్పుడో, ఇన్‌టేక్ వాల్వ్ సరిగా మూసుకోనప్పుడో, వాల్వ్ టైమింగ్ తప్పినప్పుడో సంభవిస్తుంది. రెండవదాని కారణాల పరిధి మరింత విస్తృతమైనది. శబ్దం బానెట్ కింద నుండి వచ్చిందా, వెనుక గొట్టం నుండి వచ్చిందా అనే ప్రశ్నకు సమాధానం దొరికితేనే మిగిలిన పరీక్షలకు అర్థం ఉంటుంది.

తెలుగునాట మెకానిక్కులు వాడే ‘మిస్సింగ్’ అనే పదం ఈ సందర్భంలో గమనార్హం. ఒక సిలిండర్‌లో దహనం జరగకుండా తప్పిపోవడాన్ని అది సూచిస్తుంది. ‘బ్యాక్‌ఫైర్’ ఫలితాన్ని చెప్పే పదం కాగా ‘మిస్సింగ్’ కారణానికి దగ్గరగా ఉన్న పదం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు చూపిన శ్రద్ధ షెడ్డు పదాలకూ దక్కదగినది. అరువు పదాలే అయినా వాటి అర్థవిభజన షెడ్డులోనే జరిగింది.

3. ఆక్సిజన్ సెన్సర్ చెప్పేది, చెప్పనిది:

ఇథనాల్ కలపని పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక వంతు పెట్రోలుకు బరువు లెక్కన సుమారు 14.7 వంతుల గాలి అవసరం. ఈ స్థితిని లాంబ్డా 1 అంటారు. ఇంధనం ఇంతకంటే ఎక్కువైతే ‘రిచ్’, తక్కువైతే ‘లీన్’. పూర్తి బలం తీసే సమయంలో టర్బో కార్లను ఉద్దేశపూర్వకంగానే రిచ్‌గా, సుమారు 11 నుండి 12 నిష్పత్తిలో నడుపుతారు. అదనపు ఇంధనం దహనగదిని చల్లబరచి నాకింగ్‌ను అదుపులో ఉంచుతుంది.

సాధారణ వేగంలో ఈ నిష్పత్తిని నిలబెట్టేది ఎగ్జాస్ట్‌లోని ముందరి ఆక్సిజన్ సెన్సర్. అది పంపే సంకేతాన్ని బట్టి కంప్యూటర్ ఇంజెక్టర్లు తెరుచుకునే వ్యవధిని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఈ సవరణ శాతమే ఫ్యూయెల్ ట్రిమ్. క్షణక్షణం మారేది స్వల్పకాలిక ట్రిమ్, కంప్యూటర్ జ్ఞాపకంలో నిలిచేది దీర్ఘకాలిక ట్రిమ్. ధన సంఖ్య అంటే ఇంధనం కలుపుతున్నట్టు, ఋణ సంఖ్య అంటే తగ్గిస్తున్నట్టు.

సెన్సర్‌కు ఇంధనాన్ని నేరుగా కొలిచే శక్తి లేదు. వాయువులో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి ఇంధనం ఎంత ఉండి ఉంటుందో కంప్యూటర్ ఊహిస్తుంది. దహనం సవ్యంగా జరిగినప్పుడు ఈ ఊహ ఖచ్చితంగా ఉంటుంది. దహనం తప్పినప్పుడు అదే ఊహ తలకిందులవుతుంది. నాలుగు సిలిండర్లలో ఒకటి మిస్సింగ్ అయితే దానిలోని గాలి, ఇంధనం రెండూ మండకుండానే బయటకు వస్తాయి. మండని గాలిలోని ఆక్సిజన్‌ను గుర్తించిన సెన్సర్ సాధారణంగా ‘లీన్’ అని నివేదిస్తుంది. కంప్యూటర్ ఇంధనం కలుపుతుంది. అప్పటికే మండని ఇంధనంతో నిండిన గొట్టంలోకి మరింత ఇంధనం చేరుతుంది.

లీకు విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఎగ్జాస్ట్ వాయువు ఏకధాటిగా ప్రవహించదు, సిలిండర్ల వారీగా తరంగాలుగా వస్తుంది. రెండు తరంగాల నడుమ గొట్టంలో ఒత్తిడి క్షణకాలం బయటి వాతావరణం కంటే తగ్గుతుంది. మానిఫోల్డ్ గ్యాస్కెట్ వద్ద సన్నని చీలిక ఉంటే ఆ క్షణంలో బయటి గాలి లోపలికి పీల్చబడుతుంది. వాయువు బయటకు పోయే చోట గాలి లోపలికి రావడం వింతగా తోచినా, ఐడిల్‌లోనూ తక్కువ భారంలోనూ జరిగేది ఇదే. సెన్సర్‌కు ముందున్న లీకు సెన్సర్‌ను మోసగిస్తుంది. సెన్సర్‌కు వెనుక ఉన్న లీకు ముందరి సెన్సర్‌ను తాకదు, ట్రిమ్ సంఖ్యలు నిర్దోషంగానే కనిపిస్తాయి. అయితే గొట్టంలోని మండని ఇంధనానికి కావలసిన ఆక్సిజన్‌ను అది అందిస్తుంది. ఒకే రకమైన చీలిక, చోటు మారితే వేరే రోగలక్షణం.

దీని పర్యవసానం షెడ్డులో తరచు ఒక వైరుధ్యంగా ప్రత్యక్షమవుతుంది. స్కానర్ పి0171 కోడ్ చూపుతూ మిశ్రమం లీన్‌గా ఉన్నదని చెబుతుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పితే మసిబారి నల్లగా ఉంటాయి, అంటే మిశ్రమం రిచ్. ఇటువంటి చోట నమ్మవలసింది ప్లగ్గును. ఇన్‌టేక్ వైపు గాలి లీకు ఉన్న ఇంజన్‌లో కోడ్ అదే అయినా ప్లగ్గులు నల్లబడవు.

4. ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ – ఒక దృష్టాంతం:

2002 మోడల్‌గా అమెరికా విపణిలో ప్రవేశించిన సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్, యజమానులు విరివిగా మార్పులు చేసిన కార్లలో ఒకటి. రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల బాక్సర్ ఇంజన్, దానికి ఒక టర్బో. లోపలికి వచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ గాలి వడపోత పెట్టె వద్ద, అంటే టర్బోకు ముందు ఉంటుంది. ముందరి ఆక్సిజన్ సెన్సర్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో, ఇది కూడా టర్బోకు ముందే. ఈ రెండు స్థానాలు తెలిస్తే ఈ కారులోని బ్యాక్‌ఫైర్‌లలో అధికభాగం అర్థమవుతాయి.

డ్రైవర్ గేరు మార్చడానికి యాక్సిలరేటర్ వదిలినప్పుడు థ్రాటిల్ మూసుకుంటుంది. టర్బో నెట్టిన గాలి మూసిన తలుపు వెనుక చిక్కుకుంటుంది. కర్మాగారం అమర్చిన బైపాస్ వాల్వ్ ఆ గాలిని తిరిగి టర్బో ముందరి గొట్టంలోకి, మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ దాటిన చోటికి మళ్ళిస్తుంది. ఒకసారి లెక్కలోకి వచ్చిన గాలి లెక్కలోనే ఉండిపోతుంది. ‘ఉష్’ అనే శబ్దం మీది మోజుతో దీని స్థానంలో గాలిని బయటకు వదిలే బ్లో–ఆఫ్ వాల్వ్ అమర్చడం ఈ కారులో పరిపాటి. అప్పుడు కంప్యూటర్ లెక్కించిన గాలిలో కొంత ఇంజన్‌కు చేరనే చేరదు. ఇంధనం మాత్రం ఆ లేని గాలికీ కలిపి వెలువడుతుంది. మిశ్రమం క్షణకాలం మితిమీరిన రిచ్‌గా మారి గేరు మార్చిన ప్రతిసారీ వెనుక గొట్టంలో పేలుడు వినిపిస్తుంది.

ఇక్కడ ట్యూనర్ వేయగల తప్పటడుగు ఒకటున్నది. పేలుడు రిచ్ మిశ్రమం వలన కాబట్టి ఇంధనాన్ని తగ్గించాలని అతడు తలపోయవచ్చు. ఇంధన పట్టిక ఇంజన్ వేగం, భారం అనే రెండు కొలతలతో అల్లిన గళ్ళ సమూహం. గేరు మార్పు వేళ ఇంజన్ దాటే గళ్ళగుండానే మామూలు ప్రయాణంలోనూ అది దాటుతుంది. గాలి నిజంగా లోపలికి వచ్చే వేళ కూడా అక్కడ ఇంధనం తగ్గిపోతుంది. వాల్వ్ చేసిన తప్పును పట్టిక దిద్దలేదు. పాత బైపాస్ వాల్వ్‌ను తిరిగి అమర్చడమే దీనికి సరైన మందు. గాలిని కొలవకుండా ఇన్‌టేక్ ఒత్తిడిని బట్టి లెక్కగట్టే పద్ధతి గల కార్లలో ఈ సమస్య ఈ రూపంలో తలెత్తదు.

గాలి గొట్టాన్ని మార్చడం వలన కలిగే చిక్కు మరొక తరహాది. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ తన చుట్టూ ఉన్న గొట్టం వ్యాసాన్ని బట్టి క్రమాంకనం చేయబడింది. ఉదాహరణకు 70 మిల్లీమీటర్ల గొట్టం స్థానంలో 75 మిల్లీమీటర్ల గొట్టం అమర్చితే అడ్డుకోత వైశాల్యం సుమారు 15 శాతం పెరుగుతుంది. అంతే గాలి నెమ్మదిగా ప్రవహిస్తుంది. సెన్సర్ దానిని సుమారు 13 శాతం తక్కువగా చదువుతుంది. ఇంధనం కూడా ఆ మేరకు తగ్గుతుంది. సెన్సర్ పట్టికను తిరిగి రాయవలసిన సందర్భం ఇది, లోపం నిజంగానే లెక్కలో ఉన్నది కాబట్టి.

ఈ కారు కంప్యూటర్‌లో దీర్ఘకాలిక ట్రిమ్‌ను గాలి ప్రవాహపు శ్రేణుల వారీగా విడివిడిగా దాచుకుంటారు. అన్నింటికంటే ఎక్కువ ప్రవాహపు శ్రేణిలో నేర్చుకున్న శాతం, సెన్సర్ మాట వినని పూర్తి థ్రాటిల్ స్థితికి కూడా వర్తిస్తుంది. మోసపోయిన సెన్సర్ నేర్పిన పాఠం ఆ శ్రేణి వరకు పాకితే అది పూర్తి బలం వద్ద కూడా అమలవుతుంది. ధన ట్రిమ్ అయితే రిచ్, బలహీనత, పేలుళ్ళు. ఋణ ట్రిమ్ అయితే మరింత ప్రమాదం: టర్బో ఒత్తిడిలో ఇంధనం కొరవడి, నాకింగ్ మొదలై, పిస్టన్ రింగుల నడుమ గట్లు విరిగే వరకు పోవచ్చు. పేలుడు శబ్దం చెవికి భయంకరంగా వినిపించినా దానిని ఆపబోయి చేసే తప్పుడు సవరణే ఇంజన్‌కు ఎక్కువ హాని చేయగలదు.

5. ఇంధనాన్ని ముట్టుకోకముందు:

పరీక్ష ఎగ్జాస్ట్‌తో ఆరంభం కావడం సమంజసం. ఇంజన్ పూర్తిగా చల్లబడిన తరువాత గొట్టంలోకి తక్కువ ఒత్తిడితో పొగను పంపితే లీకులు బయటపడతాయి. పొగ యంత్రం లేనిచోట చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసిన తొలి నిమిషంలో మానిఫోల్డ్ దగ్గర టిక్‌టిక్ శబ్దం వినవచ్చు. లోహం వేడెక్కి వ్యాకోచించాక చీలిక మూసుకుపోయి ఆ శబ్దం మాయమవుతుంది. కొత్త గొట్టం బిగించిన చోటల్లా గ్యాస్కెట్ చుట్టూ మసి చారలు ఉన్నాయేమో చూడాలి. డబ్ల్యూఆర్ఎక్స్‌లో మానిఫోల్డ్, అప్‌పైప్ కలిసే చోటు, అప్‌పైప్ టర్బోకు చేరే చోటు ప్రధానంగా చూడవలసినవి. అమెరికా విపణి కోసం తయారైన తొలి సంవత్సరాల కార్లలో ఆ అప్‌పైప్‌లో ఒక చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అది పగిలితే ముక్కలు నేరుగా టర్బోలోకి పోతాయి.

తరువాతిది స్పార్క్. టర్బో ఒత్తిడి పెంచినప్పుడు దహనగదిలో గాలి సాంద్రత పెరిగి, అదే ఖాళీని దాటడానికి స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ కావాలి. 1.1 మిల్లీమీటరు ఖాళీతో సవ్యంగా పనిచేసిన ప్లగ్గు పెంచిన ఒత్తిడిలో ఆరిపోవచ్చు. ఖాళీని 0.7 మిల్లీమీటరు వరకు తగ్గించడం మార్పులు చేసిన కార్లలో సాధారణం. పూర్తి థ్రాటిల్‌లో మాత్రమే తడబడి పేలే కారులో మొదట అనుమానించవలసింది దీనినే. ఖర్చులేని పరీక్ష కూడా ఇదే. ప్లగ్గుల ఖాళీ చూడకుండా వేల రూపాయల ట్యూనింగ్‌కు దిగడం పొయ్యిలో నిప్పు ఉన్నదో లేదో చూడకుండా వంటవాడిని మార్చడం వంటిది. కాయిల్‌ను అనుమానించినప్పుడు దానిని పక్క సిలిండర్‌కు మార్చి, మిస్సింగ్ కోడ్ కూడా దాని వెంట మారిందా లేదా గమనిస్తే చాలు.

యాంత్రిక స్థితి చివరిది కాని తేలికగా తీసుకోదగినది కాదు. ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయినా, క్లియరెన్స్ తగ్గి పూర్తిగా మూసుకోకపోయినా, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా పేలుళ్ళు తప్పవు. ఏ ఇంధన పట్టికా వీటిని సరిదిద్దదు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి ఒకదానితో ఒకటి పోల్చడం, తేడా ఉన్నచోట లీక్–డౌన్ పరీక్షతో గాలి ఎటు పోతున్నదో వినడం ఇక్కడి పద్ధతి. ఎగ్జాస్ట్‌లో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఇన్‌టేక్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే మూత వద్ద వినిపిస్తే రింగులు.

ట్రిమ్ సంఖ్యలను చదవడం ఈ దశలో ఉపయోగపడుతుంది, ఒకే స్థితిలో కాక వేర్వేరు స్థితులలో చదివినప్పుడు. ఐడిల్‌లో అధిక ధన ట్రిమ్ ఉండి, వేగం పెరిగేకొద్దీ సున్నాకు చేరువైతే గాలి లీకు ఉన్నట్టు. లీకు పరిమాణం దాదాపు స్థిరం, మొత్తం గాలి పెరిగేకొద్దీ దాని వాటా తగ్గుతుంది. ఇందుకు భిన్నంగా భారం పెరిగేకొద్దీ ధన ట్రిమ్ పెరిగితే ఇంధన సరఫరాలో, అంటే పంపు, ఫిల్టర్, రెగ్యులేటర్లలో ఒకటి చేతకానిదైనట్టు. అన్ని స్థితులలో ఇంచుమించు ఒకే శాతం ఉంటే అది కొలత దోషం, గొట్టం వ్యాసమో ఇంజెక్టర్ పరిమాణమో కంప్యూటర్‌కు తెలియలేదు.

6. ఇంధన సర్దుబాటు:

పై పరీక్షలన్నీ దాటిన కారులో ఇంకా పేలుడు మిగిలితే అప్పుడు పట్టికలను తెరవవచ్చు. మొదట ఇంజెక్టర్లు. నిమిషానికి 440 ఘనసెంటీమీటర్ల ఇంజెక్టర్ల స్థానంలో 550వి అమర్చి కంప్యూటర్‌కు తెలియజేయకపోతే ఇంధనం 25 శాతం పెరిగి, 14.7 ఉండవలసిన నిష్పత్తి 11.8కి దిగుతుంది. పరిమాణంతో పాటు ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యాన్ని బ్యాటరీ వోల్టేజీ వారీగా నమోదు చేయాలి. ఇది తప్పితే ఐడిల్‌లోనే దోషం ఎక్కువగా కనిపిస్తుంది, అక్కడ ఇంజెక్టర్ తెరిచి ఉండే వ్యవధి అతి స్వల్పం.

యాక్సిలరేటర్ వదిలి కారును జారనిచ్చినప్పుడు కంప్యూటర్ ఇంజెక్టర్లను పూర్తిగా మూసివేస్తుంది. ఇంధనం లేనిచోట పేలుడు ఉండరాదు. అయినా ఆ వేళ టపటపలు వినిపిస్తే ఇంధనం నిలిపివేత ఆలస్యంగా మొదలవుతున్నదో, ఇంజెక్టర్ కారుతున్నదో, వెనుక గొట్టంలో లీకు ఉన్నదో విచారించాలి. జ్వలన సమయం మరీ ఆలస్యమైనా దహనం ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే వరకు సాగి గొట్టంలోకి పాకుతుంది. అందువలన ఇంధన పట్టికతో పాటు జ్వలన పట్టికను కూడా చూడడం అవసరం.

ఇంధనం స్వభావాన్ని విస్మరించరాదు. భారతదేశంలో ఇప్పుడు విక్రయమవుతున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు సరైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. మామూలు ప్రయాణంలో ఈ తేడాను ట్రిమ్ సర్దుకుంటుంది. విదేశీ పట్టికను యథాతథంగా దించుకున్న కారులో పూర్తి థ్రాటిల్ వద్ద సర్దుకునే నాథుడు లేడు. అమెరికా పంపుల మీద కనిపించే 93, మన సాధారణ పెట్రోలుకు ఇంతకుముందు ఉండిన 91 వేర్వేరు కొలమానాలకు చెందిన అంకెలన్నది కూడా ఈ సందర్భంలోనే గుర్తించవలసిన విషయం. అక్కడిది రెండు పద్ధతుల సగటు, ఇక్కడిది రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య. అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే కనిపించే అంతరం కంటే అసలు అంతరం పెద్దది.

7. కోరి తెచ్చుకున్న పేలుడు:

ర్యాలీ కార్లలో ఈ దహనాన్ని బుద్ధిపూర్వకంగా కల్పిస్తారు. జ్వలనను ఆలస్యం చేసి, ఇంధనాన్ని, గాలిని ఎగ్జాస్ట్‌లోకి చేరనిచ్చి, అక్కడి దహనంతో టర్బో చక్రం మందగించకుండా తిప్పుతారు. దీని పేరు యాంటీ–ల్యాగ్. పోటీ కారులో టర్బో త్వరగా అరిగిపోవడం ముందే ఒప్పుకున్న ఖర్చు. హ్యుందాయ్ ఐ30 ఎన్, జాగ్వార్ ఎఫ్–టైప్ వంటి కార్లలో తయారీదారులే పరిమితంగా టపటపలను కల్పించారు. ఆ పరిమితిని, కన్వర్టర్ వేడిని వారు లెక్కగట్టుకున్నారు. వీధి కారులో ‘పాప్స్ అండ్ బ్యాంగ్స్’ పేరుతో అమ్ముడుపోయే పట్టికలు ఎక్కువగా ఆ లెక్క లేకుండానే ఇంధనాన్ని, ఆలస్యపు జ్వలనను కలుపుతాయి. క్యాటలిటిక్ కన్వర్టర్‌లోని పింగాణీ జల్లెడ వంటి భాగం కరిగి ఎగ్జాస్ట్ దారిని మూసివేయడం దాని ఫలితాలలో ఒకటి. మిస్సింగ్ వలన కన్వర్టర్‌కు ముప్పు ఏర్పడినప్పుడు ఇంజన్ హెచ్చరిక దీపం స్థిరంగా వెలగక మిణుకుమిణుకుమంటుంది. అది కనిపించిన తరువాత పరీక్ష కోసం కూడా కారును వేగంగా నడపరాదు.

భారతదేశంలో ఈ విషయానికి చట్టపరమైన కోణం కూడా ఉన్నది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన స్వరూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. ఆ సెక్షన్‌ను వ్యాఖ్యానిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిషేధాన్ని ధ్రువీకరించింది. అదే సంవత్సరపు సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం యజమాని చేసిన ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అందువలన ఇక్కడి రోడ్ల మీద తిరిగే కారు ఈ శబ్దంతో షెడ్డుకు వచ్చినప్పుడు లోపనిర్ధారణలో మొదటి మెట్టు చాలాసార్లు పాత సైలెన్సర్‌ను, పాత గాలి గొట్టాన్ని వెతికి తిరిగి బిగించి, ట్రిమ్ జ్ఞాపకాన్ని చెరిపి, వంద కిలోమీటర్లు నడిపి మళ్ళీ వినడమే. అప్పటికీ వినిపించే పేలుడును మాత్రమే ఇంజన్ లోపంగా పరిగణించి పై పరీక్షలు మొదలుపెట్టవలసి ఉంటుంది.